తమ్ముని నెత్తురు, బంకు డ్యూటీ

పోయినసారి లంద గురించి రాసిన. మీ తాత ముచ్చట ఇంకా చెప్పక్కా అని చాలామంది అడిగిండ్రు. ఈసారి కూడ తాత కాన్నే మొదలుపెడుత గని, తొందరగనే మా తమ్ముని కాడికి వస్త. నడిమిట్ల కొంత సైన్సు ఉంటది, కొంత చట్టం ఉంటది. చదువుకునే పిల్లలు దాన్ని దాటేసి పోకుండ్రి.

తాత తోళ్లు ఊనేటోడు. సున్నం, తంగేడు చెక్క, లంద. ఆ వాసన ఆయన చేతులకు సచ్చేదాకా పోలే. ఊరోళ్లకు అది పని వాసన కాదు, కులం వాసన. మా అవ్వ కోడలై వచ్చిన కొత్తల, దుకాణంల పైసలు చేతికియ్యొద్దు, కింద పెట్టు అనేటోళ్లట. తాత చేతుల వాసన అవ్వ పైసలకెట్ల అంటిందని చిన్నప్పుడు అడిగేదాన్ని. ఎవరూ జవాబు చెప్పకపోయేది.

ఇప్పుడు మా తమ్ముని చేతులకు పెట్రోల్ వాసన. దీన్ని ఎవరూ కులం వాసన అనరు. కొందరికైతే ఆ వాసన ఇష్టం. బండి ట్యాంకు మూత తియ్యంగనే గట్టిగ ఊపిరి పీల్చుకునేటోళ్లను నేనే చూసిన.

పోయిన ఏప్రిల్ 14న కమాన్‌పూర్‌ల జయంతికి రక్తదాన శిబిరం పెట్టినం. అందరికంటే ముందు లైన్ల నిలబడ్డది మా తమ్ముడే. ఇరవై మందిని బతిమాలి తోలుకొచ్చింది కూడ వాడే. వేలు పొడిచి చూసిండ్రు. నెత్తురు ఇయ్యాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలె. వానికి 10.2 ఉన్నది. "తమ్మీ, నీకే ఒక బాటిల్ ఎక్కియ్యాలె" అన్నడు ల్యాబ్ ఆయన. అందరం నవ్వినం. నేను కూడ నవ్విన. వానికిచ్చిన బిస్కెట్ పుడ పక్కనున్న చిన్న పోరనికిచ్చి, కుర్చీలు సర్దుకుంట అటు పోయిండు.

ఇరవై ఆరేండ్ల మొగపిలగాడు. తాగుడు లేదు. మూడు పూటలు తింటడు. నెత్తురెందుకు తక్కువుంటది? ఆకుకూరలు తినుమన్నరు, పల్లిపట్టీలు తినుమన్నరు. మూడు నెలలు ఐరన్ గోళీలు మింగిండు. జులైల చూస్తే 9.8.

అప్పుడు సీబీపీ చేయించినం. మూడు నాలుగు వందలకు ఏ ల్యాబ్‌లనైనా చేసే నెత్తురు పరీక్ష. చూస్తే ఎర్రకణాలు ఒక్కటే కాదు, తెల్లవి, ప్లేట్లెట్లు మూడూ తగ్గినయ్. తెల్లకణాలు 2,900. నాలుగు వేలకు కిందికి పోవద్దు. ప్లేట్లెట్లు 88 వేలు. లక్షన్నర ఉండాలె. కాగితం చూసినంక వాడు మెల్లగ చెప్పిండు, పండ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి నెత్తురు వస్తున్నదని. బ్రష్ గట్టిగున్నదనుకోని రెండు బ్రష్‌లు మార్చిండట.

నలుగురు డాక్టర్ల కాడికి తిరిగినం. ఏం తింటవు, తాగుతవా, మొలలున్నయా, కడుపుల పురుగులున్నయా, ఈ మధ్యల డెంగీ వచ్చిందా. అందరూ మంచిగనే అడిగిండ్రు. ఏం పని చేస్తవు అని మాత్రం మొదటి ముగ్గురూ అడగలే. డ్యూటీ దిగి సీదా పోయేది కాబట్టి వాని ఒంటి మీద బంకు చొక్కానే ఉండేది. జేబు మీద కంపెనీ గుర్తు ఉన్నది. గదిల వాసన కూడ వచ్చే ఉంటది.

నాలుగో ఆమె హైదరాబాద్‌ల. చిన్న వయసు. వాని చేతులు తిప్పి చూసింది. వేళ్ల సందుల తోలు పగిలి, బూడిద పూసినట్టు తెల్లగున్నది. "ఏం పని చేస్తవ్ తమ్ముడూ?" అన్నది.

1700ల ఇటలీల రామజ్జిని అనే డాక్టర్ పనోళ్ల జబ్బుల మీద ఒక పుస్తకం అచ్చేసిండు. రోగిని అడిగే ప్రశ్నలల్ల ఇంకొకటి కలపండ్రి, ఏం పని చేస్తవని అడగండ్రి అని డాక్టర్లకు చెప్పింది ఆయనే. ఆయనకు ఆ ఆలోచన ఎక్కడ మొదలైందో తెలుసునా? వాళ్ల ఇంట్ల మలం గుంత తీసేటానికొచ్చిన మనిషిని చూసి. ఇంత తొందర తొందరగ ఎందుకు చేస్తున్నవని అడిగితే, ఇండ్ల ఎక్కువసేపుంటే కండ్లు పోతయని ఆ మనిషి చెప్పిండు. పనితోని వచ్చే జబ్బుల శాస్త్రం ఒక పాకీ పని మనిషి జవాబుతోని మొదలైంది. ఆ మనిషి పేరు పుస్తకంల లేదు. మెడికల్ కాలేజీలల్ల చదువుతున్న మన పిల్లలు కొందరు ఇవి చదువుతరని నాకు తెలుసు. రామజ్జిని పేరు మర్చిపోయినా ఏం కాదు, ఆ ప్రశ్న మర్చిపోకుండ్రి.

తమ్ముని నడుము ఎముకల నుంచి మజ్జ తీసి చూసిండ్రు. కణాలు ఉండాల్సినన్ని లేవన్నరు. ఇప్పటికైతే క్యాన్సర్ కాదన్నరు. ఆ 'ఇప్పటికైతే' అన్న మాట విని అవ్వ బయటికి పోయి మెట్ల మీద కూసున్నది. పెట్రోల్‌కు దూరముండాలె, నెలనెలా నెత్తురు చూపించుకోవాలె. పెట్రోల్ వల్లనే వచ్చిందని మాత్రం కాగితం మీద రాయలే. ఒక్క మనిషిని పట్టుకోని అట్ల తేల్చి చెప్పుడు కష్టమని డాక్టరమ్మ నాకు ఓపికతోని చెప్పింది. నేను కూడ అట్ల రాయను. పెట్రోల్‌ల ఏమున్నదో, అది మనిషి ఒంట్ల ఏం చేస్తదో, అంతమట్టుకు రాస్త.

పెట్రోల్‌ల బెంజీన్ ఉంటది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతట అమ్ముతున్న బీఎస్-6 పెట్రోల్‌ల 1 శాతం దాకా ఉండొచ్చు. ఒక్క శాతమే కదా అంటరు. లీటరుకు 10 మిల్లీలీటర్లు. మరి అది పోసేటోని ముక్కులకు ఎట్ల పోతది? ఖాళీ ట్యాంకు అంటే అండ్ల ఏం లేదని కాదు, ఆవిరి ఉంటది. మీది నుంచి లీటరు పెట్రోల్ పోస్తే లోపలి నుంచి దగ్గర దగ్గర లీటరు ఆవిరి బయటికి రావాలె. కారుకైతే మూత పక్కకుంటది, గొట్టం సన్నగుంటది. బైకుకు ట్యాంకు నోరు మీదికే తెరుచుకుంటది. నిండిందా లేదా అని పోసేటోడు వంగి లోపలికి చూడాలె. మా దిక్కు వచ్చేటియి ఎక్కువ బైకులే. వచ్చిన ప్రతి బండి వాని మొకం మీదికి ఒకసారి ఊపిరి విడిచి పోతది. ఆదివరాహస్వామి గుడికి జనం వచ్చే రోజులల్ల అయితే లైను రోడ్డు దాకా ఉంటది. ఎండకాలం మా రామగుండం పక్క సంగతి మీకు ఎరికే. ఎండ ఎంత కొడితే ఆవిరి అంత లేస్తది.

నేను ఇది బయట నిలబడి రాస్తలేను. 2020ల కాలేజీలు మూసినప్పుడు అదే బంకుల నేను కూడ ఏడు నెలలు నాజిల్ పట్టిన. మొదటి వారం తలనొప్పి, మత్తు మత్తు, అన్నం ముందల కూసుంటే కడుపుల తిప్పేది. రెండో వారానికి వాసనే రాకపోయేది. అలవాటైందనుకున్న. అలవాటైంది ముక్కుకే, ఒంటికి కాదు. కరోనా అని గుడ్డ మాస్కు పెట్టుకునేటోళ్లం. గుడ్డ మాస్కు పెట్రోల్ ఆవిరిని ఆపదని అప్పుడు మాకు తెల్వదు. నాతోటి పనిచేసిన ఒక చెల్లె ఆరో నెల దాకా డ్యూటీ చేసింది. కడుపుతోని ఉన్న మనిషిని డీజిల్ దిక్కన్న మార్చుమని అడగాలన్న సోయి నాకు సుత లేకుండె.

ఊపిరితోని లోపలికి పోయిన బెంజీన్ నెత్తుట్ల కలుస్తది. కాలేయం దాన్ని ఫినాల్, హైడ్రోక్వినోన్ లాంటియిగ మారుస్తది. అవి ఎముకల మజ్జల చేరి, నెత్తురు పుట్టించే కణాలనే కొడుతయ్. అందుకే ముందుగల సీబీపీల అంకెలు తగ్గుతయ్. ఏండ్ల తరబడి అట్లనే ఉంటే కొందరికి లుకేమియా దాకా పోతది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ బెంజీన్‌ను ఎన్నడో మొదటి గ్రూపుల పెట్టింది, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తదని రుజువైన లెక్కల. డీజిల్ ఇంజిన్ పొగను 2012ల పెట్టింది. పెట్రోల్‌నే మొత్తానికి మొత్తం 2025ల పెట్టింది.

ఇదంతా దూర దేశాల ముచ్చట అనుకోకుండ్రి. హైదరాబాద్ తార్నాకల ఉన్న ఐఐసీటీ సైంటిస్టులు పెట్రోల్ బంకు పనోళ్ల నెత్తురు పరీక్ష చేసి 2010ల పేపర్ అచ్చేసిండ్రు. బంకుల పని చెయ్యనోళ్ల నెత్తురుతోని పోల్చి చూస్తే, బంకోళ్ల కణాలల్ల డీఎన్ఏ దెబ్బతినుడు, క్రోమోజోములు విరుగుడు ఎక్కువ కనపడ్డయ్. తమ్ముడు బంకుల చేరింది 2019ల. అప్పటికి ఆ పేపర్ వచ్చి తొమ్మిదేండ్లు. అది ఇంగ్లీషుల ఉన్నది, బంకు కాడికి రాలే.

ఇగ మా బాపు సంగతి చెప్పాలె. బాపు బొగ్గుబాయిల ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన మనిషి. బొగ్గుదుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తదో మా పక్క చిన్న పిలగాండ్లకు సుత తెలుసు. దానికొక పేరున్నది. బాపు కాలంల ఉన్న గనుల చట్టంల అది నోటిఫైడ్ జబ్బు, డాక్టర్ చూస్తే సర్కారుకు తెలుపాల్సి ఉండె. ఐదేండ్లకోసారి పీఎంఈ ఉండేది, ఛాతీకి ఎక్స్‌రే తీసేటోళ్లు, కాగితం రాసేటోళ్లు. పీఎంఈ అంటే బాపుకు భయం, అన్‌ఫిట్ అంటరేమోనని. ముందురోజు రాత్రి నిద్రపోకపోయేది. అయినా ఆ కాగితాలన్ని ఇనుప పెట్టెల పెట్టి పాణం లెక్క చూసుకున్నడు. ఏ సంవత్సరంల తన ఊపిరితిత్తులు ఎట్లున్నయో బాపు చూపెట్టగలుగుతడు.

ఆ కాగితం ఊకనే రాలే. బొగ్గుబాయి కార్మికులు కొట్లాడి తెచ్చుకున్న హక్కుల వెనుక సమ్మెలున్నయ్, సంఘాలున్నయ్. ఒక మనిషి పేరు మాత్రం మన సభలల్ల కూడ తక్కువ ఇనపడుతది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌ల కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. 1943 డిసెంబర్‌ల ధన్‌బాద్ పోయి బొగ్గుబాయి లోపలికి దిగి చూసిండ్రు. తర్వాతి నెల, 1944 జనవరిల, బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్స్ వచ్చింది. జయంతికి దండ వేసేటోళ్లం, ఆయన బాయి దిగిన సంగతి సుత చెప్పుకోవాలె కదా.

బాపుకు బాయి దొరికింది. తమ్మునికి డిగ్రీ ఉన్నా బంకే దొరికింది. మా పక్క లారీలు, టిప్పర్లు, బైకులు అన్ని బొగ్గు చుట్టే తిరుగుతయ్, వాటికి పెట్రోల్, డీజిల్ పోసే చెయ్యి కూడ ఆ బొగ్గు బతుకుల భాగమే. కాని ఆ చేతికి పీఎంఈ లేదు. తమ్ముడు చేరినప్పుడు నెత్తుట్ల ఎన్ని కణాలున్నయో ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆ మొదటి కాగితం ఉండి ఉంటే, ఇయ్యాల డాక్టరమ్మ కాడ మేం మాట్లాడే తీరు వేరే ఉండేది.

చట్టం లేదా అని అడుగుతరు. ఉన్నది. 2025 నవంబర్ దాకా అమల్ల ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూల్‌ల బెంజీన్‌తోని వచ్చే జబ్బులు పని జబ్బులుగ రాసే ఉండె. అప్పటి ఈఎస్ఐ చట్టం షెడ్యూల్‌ల కూడ ఉండె. కాని ఈఎస్ఐ వర్తించాలంటే పదిమంది పనోళ్లుండాలె. మేం పనిచేసిన బంకుల పన్నెండు మంది ఉన్నరు, రిజిస్టర్‌ల ఏడుగురున్నరు. మిగిలిన ఐదుగురు చేతికి జీతం తీసుకునేటోళ్లు. తమ్ముడు ఆ ఐదుగురిల ఒకడు. జబ్బు పేరు చట్టంల ఉన్నది, మనిషి పేరే రిజిస్టర్‌ల లేదు. ఆ పన్నెండు మందిల తొమ్మిది మంది మా వాడోళ్లు, పక్క ఊరి మాలవాడోళ్లు. అద్దాల గదిల బిల్లులు రాసేటోళ్లు ముగ్గురూ వేరే. ఎవరినీ కులం అడిగి నాజిల్ చేతికియ్యరు. ఎవరు ఎంతకు వస్తరో చూసి ఇస్తరు. లెక్క తేలేది మాత్రం అట్ల తేలుతది. (బంకుల కేటాయింపుల ఎస్సీ ఎస్టీలకు 22.5 శాతం రిజర్వేషన్ ఉన్నది. మనోళ్ల పేరు మీద వచ్చిన బంకుల్ల గల్లా కాడ ఎవరు కూసుంటున్నరో ఇంకోసారి రాస్త, అది పెద్ద కథ.)

ఆవిరిని బయటికి పోనియ్యకుండ మళ్ల ట్యాంకులకే గుంజే మిషన్లున్నయ్. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020ల దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఊరి జనాభా ఎంత, నెలకు అమ్మకం ఎంత అన్నదాన్ని బట్టి అది తప్పనిసరి అయితది. పెద్ద పట్నం, పెద్ద బంకు అయితేనే. మండల కేంద్రంల నిలబడి పీల్చేటోళ్ల ఊపిరితిత్తులు పట్నపోళ్ల కంటె గట్టిగుంటయని అనుకున్నరో ఏమో.

మిషన్ లేకపోయినా చెయ్యగలిగేటియి ఉన్నయ్. బ్రెజిల్ దేశం 2016ల బంకు కార్మికులకు, బెంజీన్‌కు సంబంధించి ప్రత్యేకంగ రూల్స్ తెచ్చింది. అవి చదువుతుంటే మా బంకుల నిలబడి చూసి రాసినట్టనిపించింది. నాజిల్ దానంతటది ఆగినంక ఇంకింత పొయ్యొద్దు. మా కాడ రౌండ్ ఫిగర్ చెయ్యుమని కస్టమరే అడుగుతడు, వంగి చుక్క చుక్క పోస్తం, ఆ చివరి చుక్కల కాన్నే ఆవిరి ఎక్కువ పీలుస్తం. కారింది తుడిచేటానికి గుడ్డ వాడొద్దు. మా కాడ ప్రతి ఒక్కరి భుజం మీద ఒక గుడ్డ ఉంటది, ఆ గుడ్డతోనే చెమట కూడ తుడుచుకుంటం. ఆరు నెలలకోసారి నెత్తురు పరీక్ష చేయించాలె. ఇగ నాలుగోది, యూనిఫామ్ ఇంటికి పంపొద్దు, యజమానే వారం వారం ఉతికియ్యాలె.

ఈ నాలుగోది చదివి నేను ఫోన్ పక్కకు పెట్టిన. తమ్ముని చొక్కాలు ఆరేండ్లు ఉతికింది అవ్వ. నేను ఇంటికాడ ఉన్నప్పుడు నేను. పెట్రోల్ పడ్డ చొక్కా సబ్బుకు లొంగదని అవ్వ రాత్రంత బకీట్ల నానబెట్టేది. ఆ బకీటు మేం పండుకునే అర్రలనే ఉండేది, బయట పెడితే కుక్కలు గుంజుతయని.

తమ్ముడు బంకు బంద్ చేసినంక నేను పోయి ఓనర్‌ను కలిసిన. పైసలు అడగలే. మిగిలిన పదకొండు మందికి సీబీపీ చేయించుండ్రి, మనిషికి నాలుగు వందలు కూడ కాదు అన్న. ఆయన అరవలే, తిట్టలే. చాయ్ తెప్పిచ్చిండు. "నేను పదిహేనేండ్ల సంది ఇండ్లనే కూసుంటున్న కదమ్మా, నాకేమైంది?" అన్నడు. ఆయన కూసున్న గదికి ఏసీ ఉన్నది, తలుపు మూసి ఉన్నది. అద్దంల నుంచి చూస్తే అవుతల ఒక పిలగాడు బైకు ట్యాంకు మీద వంగి ఉన్నడు. మా తమ్ముని జాగల వచ్చినోడు. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటయ్.

తమ్ముడు ఇప్పుడు ఒక కోళ్ల ఫారంల లెక్కలు రాస్తున్నడు. నెలకు ఎనిమిది వేలు. బంకుల పదకొండు వేలు వచ్చేటియి. పోయిన నెల ప్లేట్లెట్లు లక్షా నాలుగు వేలకు వచ్చినయ్. అది చూడంగనే "అక్కా, మళ్ల పోనా, డీజిల్ దిక్కే నిలబడుత" అన్నడు. బండి కిస్తీ ఇంకా పద్నాలుగు నెలలున్నది. నేను తిట్టిన. అవ్వ తిట్టలే, కిస్తీ నెలలు వేళ్ల మీద లెక్కపెట్టింది.

వచ్చే ఐతారం పొద్దున మా కమ్యూనిటీ హాల్‌ల బంకు పనోళ్లకు సీబీపీ పెడుతున్నం. ఒక ల్యాబ్ మిత్రుడు సగం ధరకు చేస్తనన్నడు, మిగిలింది మనం చందాలు వేసుకున్నదే. రెండు మూడు బంకుల నుంచి పదకొండు మంది పేర్లు ఇచ్చిండ్రు. నిన్న రాత్రికి నలుగురు ఫోన్ చేసి, అక్కా మా పేరు తీసెయ్యి అన్నరు. ఓనర్‌కు తెలుస్తదని ఇద్దరు, ఏమన్న బయటపడితే ఏం చెయ్యాలె అని ఇద్దరు. ఆ ఇద్దరికి చెప్పేటానికి నా కాడ మాట లేకుండె. తమ్ముడే నంబర్ తీసుకోని అవుతలికి పోయి మాట్లాడిండు. గంటసేపు మాట్లాడిండు. ఒకడు వస్తనన్నడట.